గాజుకు అవతలి వైపు

మసాంబ తియామ్ బొమ్మల్ని
ఆరేళ్ళపాటు వెనకనుంచే చూశాను.

మాది గాజు కోసే కొట్టు. ఎన్‌దార్‌లో ఇనుప వంతెన దిగి
ఎండుచేపల బళ్ళు దాటితే మూడోది.
కూల్చిన బడి కిటికీలు, ఎవరి పెళ్ళి ఫోటోకో ఉండిన అద్దం,
ఏది దొరికితే అది
నాన్న కోస్తాడు, నేను అంచులు రాస్తాను,
ఆయన కొంటాడు, అప్పు మీద.
రంగు ఆరాక చట్రం కట్టమని మళ్ళీ మాకే పంపుతాడు,
బోర్లా పెట్టి, పాత పేపరు చుట్టి.

బోర్లా ఉన్న బొమ్మని చూశారా ఎప్పుడైనా?
అది బొమ్మ కాదు.
పసుపు మడుగు, దాని మీదకెక్కిన నీలం,
కూర పొంగి పొయ్యి మీద ఎండిపోయినట్టు ఎరుపు.
ముక్కు లేదు, మొహం లేదు.
ఇంతోసి దానికా ఊరంతా ఈ ముసలాయన్ని
నెత్తిన పెట్టుకుంటోంది, అనుకునేదాన్ని.

ఆ ఏడు గెట్ ఎన్‌దార్‌లో సముద్రం
మరో వరస ఇళ్ళు తినేసింది.
సీరా అత్త తలుపు ఊడబెరుక్కుని వచ్చింది,
తలుపుతో పాటు ఒక పటం.
మా గదిలో మేకు లేదు.
పటాన్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది,
చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు.
వంగి చూశాను.

ఒక ఆడమనిషి. పసుపు తలగుడ్డ.
చెంప మీద నీడ, నల్లగా కాదు, నీలంగా.
రాత్రి పడవలో దీపం ఆర్పేశాక
చీకటి ఇంకా చీకటి కాకముందు
ఒక్క క్షణం ఉంటుందే, ఆ నీలం.
చెవి దగ్గర మొదలై గడ్డం చుట్టి భుజం దిగి
మోచేతిదాకా ఒకే గీత.
ఎక్కడా ఊపిరి పీల్చుకోలేదు.
మోచేతి దగ్గర మాత్రం కాస్త లావెక్కింది,
చేతిలో బరువేదో ఉన్నట్టు.
ఆ చెయ్యి ఖాళీ.

ఆ గీత నాకు తెలుసు!
గాజు మీద చక్రం పెట్టి లాగుతాం కదా, ఒక్కసారే.
అదే దారిలో రెండోసారి పోతే
చక్రమూ పాడు, గాజూ పాడు.
జర్రుమనే ఆ చప్పుడు సన్నగా సాగినంతసేపూ
నాన్న తల ఎత్తడు.
తెగిందా, తిట్లే.
పటం చూస్తుంటే ఆ చప్పుడు వినిపించింది నాకు.
గాటూ గీటూ ఒక్క చేతి పిల్లలే అని
నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు బాకీ వసూలుకి నేనే పోతానన్నాను.
ఆయన నేల మీద కూర్చుని, ఒళ్ళో గాజు.
మొదట గీత. తర్వాత కంటిపాప, చెవికమ్మ, పంటి సందు.
ఆ తర్వాత చెంప. అన్నిటికన్నా ఆఖర్న ఆకాశం.
మన కంటికి ముందు తగిలేది
ఆయన చేతికీ ముందే రావాలి.
పైన ఇంకెన్ని పూసినా దాన్ని దాచలేవు.
సంతకం కూడా తిరగేసే.

"తప్పు పోతే?" అన్నాను.
"దాని పక్కన కూర్చోగల రంగు వెతుకుతా" అన్నాడు.
బాకీ మాత్రం ఇవ్వలేదు.

కొట్లో రాలిన ముక్కలుంటాయి, అరచెయ్యంతవి.
పగలంతా వాటిని చూడనట్టు నటించి
రాత్రి ఒకటి తీశాను.
సీరా అత్తని గీశాను, ఆవిడ నిద్రపోతుండగా.
ముక్కు దగ్గర చెయ్యి బెదిరింది, గీత పక్కకి జారింది.
చెరపలేదు.
ఆయన నీలం కోసం మూడు డబ్బాలు కలిపి చూశాను,
బురద వచ్చింది.
ఆయన నీలం ఆయనదే.
నా దగ్గరున్నది పడవలకి పూయగా మిగిలిన
అడుగంటిన ఆకుపచ్చ.
ఆ వంకర పక్కన అదే పూశాను.

పొద్దున అత్త తిప్పి చూసింది. చాలాసేపు.
"ఈ ముక్కు నాది కాదు" అంది.
నాన్న నవ్వాడు. నేను ముక్క లాక్కోబోయాను.
ఇవ్వలేదు.
"ఈ ఆకుపచ్చ మాత్రం మాదే" అంది,
గోడకి ఆనించి ఉన్న,
ఏ గదిలోకీ తెరుచుకోని ఆ తలుపు వైపు చూస్తూ.